మొదటి మెకా గర్ల్ కిట్: ఏది కొనాలి, ఎంతవరకు మార్చాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి ఊళ్లలో ఉండి మెకా గర్ల్ కిట్, అంటే కవచం తొడిగిన అమ్మాయి బొమ్మని ముక్కల నుంచి కూర్చుకునే ప్లాస్టిక్ కిట్, కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ఏది బాగుంటుంది?" అనే. చూడ్డానికి అన్నీ బాగుంటాయి. అసలు తేడాలు పెట్టె విప్పాక బయటపడతాయి. ఒక కిట్ రంగు వెయ్యకపోయినా నిండుగా ఉంటుంది. ఇంకోదానికి రంగు పడితే గానీ నిండుతనం రాదు. ఒకటి సాయంత్రం మొదలుపెడితే రాత్రి భోజనాల వేళకి నిలబడుతుంది, ఇంకోటి నాలుగైదు ఆదివారాలు అడుగుతుంది. పెద్ద నగరాల వాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు. ఏదైనా తక్కువైతే వెళ్లి తెచ్చుకుంటారు. మనకి మోడల్ రంగుల షాపు ఊళ్లో లేదు, కిట్ రావాలంటే పార్సిల్ రావాలి, పైగా సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో ఏడాదిలో చాలా నెలలు గాలి నిండా తేమే. అందుకే మన ఎంపిక వేరే చోట మొదలవ్వాలి. కూర్చడం ఇష్టమా, భాగాలు మార్చి మార్చి కొత్త బొమ్మ చెయ్యడం ఇష్టమా, రంగు వెయ్యడం ఇష్టమా? ముందు ఇది తేల్చుకుంటే కంపెనీ పేరు దానంతటదే తేలిపోతుంది.

కొత్తగా వింటున్నవాళ్లకి చెప్పాలంటే, మెకా గర్ల్ అంటే జపాన్ యానిమే తరహా అమ్మాయి బొమ్మ, ఒంటి మీద యుద్ధ యంత్రం లాంటి కవచం, రెక్కలు, తుపాకులు. ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు. ముక్కలన్నీ రన్నర్ అనే ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. నిప్పర్ అనే చిన్న కత్తిరింపు పనిముట్టుతో కత్తిరించి ఒకదాన్లో ఒకటి నొక్కితే చాలు, జిగురు అక్కర్లేదు. సూచనల పుస్తకం జపనీస్‌లో ఉంటుంది గానీ బొమ్మలూ అంకెలూ చూసుకుంటూ పోతే భాష అడ్డు రాదు. 2015లో కోటోబుకియా కంపెనీ గౌరాయ్ అనే బొమ్మతో ఫ్రేమ్ ఆర్మ్స్ గర్ల్ వరస మొదలుపెట్టింది. 2016లో అదే కంపెనీ మెగామి డివైస్ తెచ్చింది. 2021లో బందాయ్ స్పిరిట్స్ 30 మినిట్స్ సిస్టర్స్‌తో వచ్చింది. మొదటి కిట్ ఈ మూడింట్లోంచే తీసుకోండి.

మూడింటిలో మొదటి కిట్‌గా నా ఓటు 30 మినిట్స్ సిస్టర్స్‌కే. ధర తక్కువని మాత్రమే కాదు. ఈ వరస మొత్తం మార్చుకోవడం కోసమే పుట్టింది. ఒక బొమ్మ జుట్టు ఇంకో బొమ్మకి పెట్టొచ్చు. చేతులు, కాళ్లు, నడుము విడిగా వస్తాయి, ఒకదానివి ఇంకోదానికి పడతాయి. ముఖాలూ జుట్టు ముక్కలూ మాత్రమే ఉన్న చిన్న ఆప్షన్ ప్యాకెట్లు విడిగా అమ్ముతారు. ఒంటి రంగులు కూడా ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయి. లేత రంగుతో పాటు గోధుమ వన్నె, ఇంకాస్త ముదురు వన్నె భాగాలు దొరుకుతాయి. మనలాంటి ఒంటి రంగున్న అమ్మాయి బొమ్మ కావాలంటే చర్మానికి రంగు వెయ్యక తప్పేది కాదు, అది అన్నిటికన్నా కష్టమైన పని. ఇక్కడ ప్లాస్టికే ఆ రంగులో వస్తుంది. మా మేనకోడలు మొదటి బొమ్మ కొనేటప్పుడు "మావయ్యా, దీనికి నా రంగు ఉంది" అని దాన్నే పట్టుకుంది. రెండో కిట్ వచ్చిన రోజే రెండూ విప్పి మూడో అమ్మాయిని తయారు చేసింది. రంగు డబ్బా తెరవకుండానే ఇంత ఆట ఇంకే వరసలోనూ ఉండదు.

లోపం కూడా చెప్పాలి. కవచం తక్కువ. పెట్టె మీద తుపాకులూ రెక్కలూ చూసి మురిసిపోయేవాళ్లకి లోపలున్నది చప్పగా అనిపించొచ్చు. దానికి మందు అదే కంపెనీ రోబో వరస 30 మినిట్స్ మిషన్స్‌లో ఉంది. 2019లో మొదలైన ఆ వరస ఆయుధాలకీ కవచాలకీ 3 మి.మీ. పిన్నులు ఉంటాయి. సిస్టర్స్ బొమ్మల కవచాల మీద ఉన్నవీ 3 మి.మీ. రంధ్రాలే. కోటోబుకియా ఎం.ఎస్.జి. పేరుతో అమ్మే ఆయుధాల ప్యాకెట్లది కూడా అదే కొలత. ఏ ప్యాకెట్ కొన్నా ఈ కొలత ఒక్కటి చూసుకుంటే చాలు, వృథా పోదు.

మెగామి డివైస్ సంగతి వేరు. ఇది కూర్చే పనిని ప్రేమించేవాళ్ల కిట్. ఒళ్లు మషీనికా అనే అస్థిపంజరం లాంటి నిర్మాణం మీద నడుస్తుంది, దాన్ని రూపొందించింది బొమ్మల కీళ్ల పనిలో పేరున్న అసాయి మసాకి. భుజం ముందుకీ వెనక్కీ జరుగుతుంది, నడుము వంగుతుంది, మోకాలి మీద కూర్చోబెడితే పడిపోకుండా కూర్చుంటుంది. ఒకే పెట్టెలో రెండు రూపాలొస్తాయి: కవచం తొడిగినదొకటి, తీసేసినదొకటి. ముక్కలు ఎక్కువ, చాలా చిన్నవి. అరచేతి కన్నా చిన్న చేతి కవచంలో కూడా వేరే వేరే రంగు ప్లాస్టిక్ ముక్కలు విడివిడిగా వస్తాయి కాబట్టి రంగు వెయ్యకుండానే బొమ్మ పెట్టె మీద ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క కారణానికే తేమ ఊళ్లో ఉన్నవాళ్లకి మెగామి మంచి ఎంపిక. ధర మాత్రం సిస్టర్స్ కిట్‌కి దాదాపు రెండింతలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. మొదటి కిట్‌గా వద్దనడానికి ధర కారణం కాదు. చిన్న పిన్ను విరిగితే మళ్లీ అది తెప్పించుకోవడం మనకి చాలా కష్టం. నిప్పర్ పట్టుకోవడం అలవాటయ్యాక, రెండోదిగానో మూడోదిగానో కొంటే అది ఇచ్చే తృప్తి వేరు.

ఫ్రేమ్ ఆర్మ్స్ గర్ల్‌ని నేను యంత్రాల మీద ఇష్టం ఉన్నవాళ్లకి చెబుతాను. ఇవి అదే కంపెనీ ఫ్రేమ్ ఆర్మ్స్ రోబోలని అమ్మాయిలుగా మార్చినవి. గౌరాయ్‌లో యుద్ధ ట్యాంకు కనిపిస్తుంది, స్టైలెట్‌లో యుద్ధ విమానం. 2017లో టీవీ సీరియల్‌గా కూడా వచ్చాక వీటికి ఆదరణ బాగా పెరిగింది. ముఖాల అందం, ఆయుధాల బరువు ఈ వరస బలం. మొదట్లో వచ్చిన బొమ్మల కీళ్లు మాత్రం ఇప్పటివాటంత గట్టివి కావు. బరువైన తుపాకీ పట్టిస్తే చెయ్యి మెల్లగా వాలిపోతుంది. కొనేటప్పుడు పేరు పక్కన వెర్షన్ 2 అని ఉన్నవి చూడండి, కంపెనీ వాటిలో ఒళ్లు కొత్తగా చేసింది. ఇంకో మాట: దీని తల తీసి మెగామి ఒంటికి పెట్టుకోవచ్చు కదా అని రెండూ కొనకండి. కంపెనీ ఒక్కటే అయినా మెడ దగ్గర సర్దుబాటు చెయ్యకుండా అవి నేరుగా కూర్చోవు.

చైనా కంపెనీల సొంత డిజైన్లు కూడా ఇప్పుడు బాగానే వస్తున్నాయి. ఏటీకే గర్ల్ వరస చైనా పురాణాల్లోని నాలుగు దిక్కుల జంతువుల్ని, అంటే నీలి డ్రాగన్, తెల్లపులి, ఎర్ర పక్షి, తాబేలుని అమ్మాయిల కవచాలుగా చేసింది. కవచం విషయంలో వీటితో పోటీ పడటం కష్టం. ముక్కల బిగింపు మాత్రం కిట్‌కి కిట్‌కి మారుతుంది, ఒకచోట బిగుసుకుపోతుంది, ఇంకోచోట వదులు. చెయ్యి తిరిగాక కొనండి. ఇవి వేరు, జపాన్ కిట్లకి అచ్చు తీసి కంపెనీ పేరు లేకుండా అమ్మే నకళ్లు వేరు. నకళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. కీళ్లే పట్టు తప్పిన బొమ్మ మీద మీరు ఎంత శ్రమ పెట్టినా అది నిలబడదు.

పార్సిల్ సంగతి తేల్చకుండా ధరల మాట పూర్తవదు. 2020 బడ్జెట్లో ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి పెరిగింది, 2023లో 70 అయింది. ఇక్కడి దుకాణాల్లో కిట్ ధర జపాన్ ధర కన్నా అంత ఎక్కువ కనిపించడానికి ఇదో పెద్ద కారణం. మీరే జపాన్ నుంచి తెప్పించుకుంటే మీ పార్సిల్‌కి ఏ లెక్కన కడతారన్నది కస్టమ్స్ వాళ్లు నిర్ణయిస్తారు. ఎలా కట్టినా సుంకం వస్తువు ధర మీద మాత్రమే పడదు, రవాణా ఖర్చు కలిపిన విలువ మీద పడుతుంది. అందుకే పెద్ద పెట్టె మీకు రెండుసార్లు ఖర్చు పెట్టిస్తుంది: రవాణాలో ఒకసారి, దాని మీద సుంకంలో ఇంకోసారి. చిన్న ఆప్షన్ ప్యాకెట్లు విడిగా తెప్పించుకోవడం లాభమనిపిస్తుంది గానీ ఒక్కో పార్సిల్‌కి రవాణా కలిపితే కాదు. నలుగురు స్నేహితులు కలిసి ఒక పార్సిల్‌గా తెప్పించుకుంటే మేలు. మన దేశంలోని హాబీ షాపులో అదే కిట్ కాస్త ఎక్కువకి దొరికినా అక్కడే తీసుకోండి. ముక్క తక్కువైతే అడగడానికి మన దేశంలో ఒక మనిషి ఉంటారు.

పనిముట్లలో డబ్బు పెట్టాల్సింది నిప్పర్ మీద. వైర్లు కత్తిరించే కటింగ్ ప్లయర్ ప్లాస్టిక్‌ని కొయ్యదు, నలుపుతుంది. ముదురు రంగు ముక్క మీద ఆ నలిగిన చోట తెల్లగా మచ్చ పడుతుంది, అది అంత తేలిగ్గా పోదు. నిప్పర్‌తో కూడా ఒకే కోతలో ముక్కని విడదీయొద్దు. ముందు ముక్కకి దూరంగా కత్తిరించి రన్నర్ నుంచి వేరు చెయ్యండి. తర్వాత ఆ మిగిలిన మొలక దగ్గర, వెంట్రుకవాసి వదిలి రెండో కోత పెట్టండి. ఆ వెంట్రుకవాసిని రుద్ది తీసెయ్యాలి. దానికి కావాల్సింది మోడల్ షాపు సామాను కాదు. కార్లకి పెయింట్ వేసే షెడ్ల దగ్గర దొరికే వాటర్ పేపర్ చాలు. 400, 600, 800, 1000 నంబర్లు ఒక్కో షీటు తెచ్చుకుని చిన్న పట్టీలుగా కత్తిరించుకుంటే ఎన్నో కిట్లకి వస్తాయి. చర్మం రంగు ముక్కల మీద 1000 దాకా వెళ్లండి. కవచానికి 800 దగ్గర ఆపేసినా పర్వాలేదు.

ఇక్కడ అసలు ప్రశ్న: మార్చడం ఎంతవరకు? నాకు తెలిసి ఇందులో మూడు మెట్లున్నాయి, వాటి మధ్య దూరం సమానంగా లేదు. భాగాలు మార్చుకోవడం మొదటి మెట్టు, దాని గురించి చెప్పేశాను.

రెండోది గీతలు, ముఖం, మెరుపు తియ్యడం. ఖర్చు తక్కువ, ఫలితం చాలా ఎక్కువ. కవచం మీద గాడుల్లో సన్నని మొన ఉన్న మార్కర్‌తో గీత గీసి, పక్కకి పోయింది తుడిచేస్తే ముక్కల అంచులు విడివిడిగా లేచి కనిపిస్తాయి. ఈ పనికి చాలామంది పల్చటి ఎనామిల్ రంగు వాడతారు. అక్కడే జాగ్రత్త. కీళ్ల దగ్గరి ముక్కలు తరచుగా ఏబీఎస్ ప్లాస్టిక్‌తో ఉంటాయి, బిగింపు వల్ల అప్పటికే ఒత్తిడిలో ఉంటాయి. ఎనామిల్ థిన్నర్ లోపలికి దిగిందంటే పగులుతాయి. రన్నర్ చివర ఉన్న చిన్న పలక మీద ప్లాస్టిక్ రకం అచ్చు వేసి ఉంటుంది, పీఎస్ (పాలీస్టైరీన్) ఏదో ఏబీఎస్ ఏదో చూసుకోండి. ఏబీఎస్ మీద పెన్ లాంటి మార్కరే వాడండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే థిన్నర్, గోళ్ల రంగు తీసే అసిటోన్ రెండూ ఈ కిట్ దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్‌ని కరిగించేస్తాయి. విరిగిన ముక్క అతికించడానికి ఫెవిక్విక్ పనికొస్తుంది గానీ పారదర్శకంగా ఉండే ముక్కల దగ్గర వద్దు, చుట్టూ తెల్లటి పొగలా పట్టేస్తుంది.

చెంపలకి ఎరుపు కోసం పొడి పేస్టల్ వాడాలి, ఆయిల్ పేస్టల్ కాదు. బ్లేడుతో కొంచెం గీకి ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో అద్దితే, మోకాళ్ల దగ్గర, వేళ్ల మడతల దగ్గర, చెంపల మీద ప్లాస్టిక్‌కి ప్రాణం వస్తుంది. తర్వాత మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు తీసేసే పారదర్శక పూత. చర్మం ముక్కల మీది ఆ ప్లాస్టిక్ మెరుపు పోవడం ఒక్కటే మొత్తం బొమ్మని మార్చేస్తుంది. డబ్బు ఒకే పనికి ఉంటే ఈ పనికే పెట్టమంటాను.

కోటోబుకియా కిట్లలో కళ్లు అచ్చువేసిన ముఖాలతో పాటు సొంతంగా కళ్లు అతికించుకోవడానికి డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి బొమ్మలు, కూడా ఇస్తారు. ఇది ఓపికకి పరీక్ష. డెకాల్‌ని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, కాగితం మీద అది కదలడం మొదలయ్యాక ముఖం మీదికి జార్చి, తడి బ్రష్‌తో తోస్తూ స్థానానికి తేవాలి. ఒక కన్ను అర మిల్లీమీటరు పక్కకి వెళితే చూపు మారిపోతుంది, ఇంకాస్త కిందకి వెళితే నిద్రమత్తు వచ్చినట్టుంటుంది. రెండు కళ్లూ పెట్టాక ముఖాన్ని అద్దంలో చూడండి. నేరుగా చూస్తే తెలియని వంకర అద్దంలో వెంటనే తెలుస్తుంది. నీళ్లు ఆరేలోపు సర్దుకోవచ్చు.

మూడో మెట్టు పూర్తి రంగు. దీనికి ముందు వాతావరణంతో మాట్లాడుకోవాలి. స్ప్రే రంగులోని థిన్నర్ త్వరగా ఆవిరైపోతూ ముక్క ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆ చల్లదనానికి నీరుగా మారి రంగు పొరలో చిక్కుకుంటుంది, పైన తెల్లటి మసక పట్టేస్తుంది. బరంపురం ఉన్న గంజాం తీరంలో వానలు మొదలైన దగ్గర్నుంచి అక్టోబరు తుఫాన్లు వెళ్లేదాకా మ్యాట్ స్ప్రే కొట్టకపోవడమే మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు పూర్తిగా విడిచాక, పదిన్నర పదకొండు తర్వాత కొట్టండి. మహారాష్ట్రలో చంద్రాపూర్, బల్లార్షా వైపు ఉన్న మన తెలుగువాళ్ల కష్టం దీనికి తలకిందులు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఆ ఊళ్లలో స్ప్రే చుక్క ముక్కని చేరేలోపే గాలిలో ఎండిపోయి ఇసుకలా గరగరలాడుతుంది. వాళ్లు తెల్లవారుజామున చెయ్యాలి, డబ్బాని ముక్కకి కాస్త దగ్గరగా పట్టాలి. స్ప్రే డబ్బాలు విదేశీ టపాలో రావు, మంట అంటుకునే వస్తువులు విమానంలో పంపనివ్వరు. కాబట్టి అవి ఇక్కడే కొనుక్కోవాలి.

ఈ లెక్కలన్నీ చూస్తే తీరంలో ఉన్నవాళ్లకి నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు, బ్రష్ పని మేలు. తేమ రోజుల్లో ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది గానీ తెల్లబడదు. బ్రష్ గీతలు కనిపించకుండా ఉండాలంటే పల్చగా కలిపి, ఒక పొర బాగా ఆరాక ఇంకో పొర వెయ్యాలి. చేతిపనుల కోసం అమ్మే అక్రిలిక్ రంగులు ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) లేకుండా ప్లాస్టిక్‌ని పట్టుకోవు, గాడుల్ని పూడ్చేస్తాయి. మోడల్ రంగులే కొనండి. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పనిముట్టు) కొనాలా అని అడిగితే, రెండు మూడు కిట్లు చేతితో రంగు వేశాక కూడా ఆ కోరిక ఉంటే కొనమంటాను. దానికి గాలినిచ్చే కంప్రెసర్‌కి తేమ పట్టే గిన్నె తప్పనిసరి, లేకపోతే గొట్టంలో చేరిన నీళ్లు రంగుతో పాటు బొమ్మ మీద పడతాయి.

రంగు పని కోసమే కొనే కిట్ అయితే తెల్ల కవచం ఉన్న సిస్టర్స్ కిట్ చూడండి. లేత ప్లాస్టిక్ మీద ఏ రంగైనా పలుకుతుంది. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ జాతరలో బరంపురం వీధుల్లో తిరిగే పులి వేషాలు చూసినవాళ్లకి ఆ పసుపూ నలుపూ చారలు కంటి ముందే ఉంటాయి. ఆ చారల కవచం తొడిగిన అమ్మాయిని నేను చేసిన పద్ధతి ఇది. తెల్ల ప్రైమర్ మీద ముందు లేత పసుపు, దాని మీద కాస్త నారింజ కలిపిన పసుపు. పసుపు బలహీనమైన రంగు, కింద తెలుపు లేకపోతే మురికిగా కనిపిస్తుంది. చారలు వెయ్యడానికి ముందు కవచమంతా బొమ్మకి తొడిగి, పెన్సిల్‌తో భుజం నుంచి మోచేతి దాకా ఒకే గీతగా గుర్తులు పెట్టుకోవాలి. అప్పుడే చార ఒక ముక్కలో ఆగిపోకుండా పక్క ముక్కలోకి సాగుతుంది. తర్వాత విప్పి సన్న బ్రష్‌తో నలుపు. ప్రతి చారకీ మధ్యలో లావు, రెండు చివర్లా సన్నం. అన్ని చారలూ ఒకే లావున వేస్తే పులి పోయి రోడ్డు డివైడర్ మిగులుతుంది. పట్టు చీర అంచు మీది గుడి శిఖరాల వరస వెయ్యాలనుకుంటే మాస్కింగ్ టేపుని త్రిభుజాలుగా కోసి అతికించాలి, దానికి మెగామి కిట్లలో వెడల్పాటి లంగా కవచం ఉన్నవి బాగా నప్పుతాయి.

రంగు వెయ్యాలంటే కూర్చిన ముక్కలు మళ్లీ ఊడి రావాలి. కోటోబుకియా పిన్నులు బాగా బిగువు, లాగితే పిన్ను లోపలే విరిగిపోతుంది. మొదటిసారి కూర్చేటప్పుడే పిన్ను చివర ఏటవాలుగా కొంచెం కత్తిరించుకుంటే విప్పడం తేలిక. కీళ్లలో ఒకదానితో ఒకటి రాసుకునే చోట్ల రంగు వద్దు, పొర మందం పెరిగి గీసుకుపోతుంది. ఇప్పటికే వదులైన కీలుకి పారదర్శక గోళ్ల రంగు పల్చగా ఒక పూత వేసి, పూర్తిగా ఆరాక తొడిగితే పట్టు వస్తుంది.

ఇంట్లో నలుగురూ తిరిగే హాల్లో పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. మెగామి, ఫ్రేమ్ ఆర్మ్స్ గర్ల్ బొమ్మల్లో చాలావాటికి కవచం తీస్తే ఈత దుస్తుల లాంటి ఒళ్లు ఉంటుంది. నాయనమ్మ అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాల్సి వస్తే కొనేముందే కవచం తీసిన ఫొటో చూసుకోండి. పెట్టె మీద 15 ఏళ్లు పైబడినవారికి అని రాసి ఉన్న కిట్లు చిన్న పిల్లలకి ఇవ్వకండి, తుపాకీ మొనలూ రెక్కల అంచులూ నిజంగా గుచ్చుకుంటాయి. బీరువా పైన, ఎండ తగలని చోట పెట్టండి. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరుగుతుంది, ఆ తెలుపు మళ్లీ తేలిగ్గా రాదు.

కిట్ పూర్తయ్యాక మిగిలిన రన్నర్లు, వాడని చేతులు, ముఖాలు పారెయ్యకండి. పేరు రాసిన సంచిలో వేసి పెట్టండి. రెండో కిట్ కూడా అదే వరసలోది తీసుకుంటే ఆ సంచిలో ఉన్నవన్నీ మళ్లీ పనికొస్తాయి. రంగు సరిపోతుందో లేదో చూడాలన్నా ముందు ఆ రన్నర్ ముక్క మీదే వేసి చూసుకోవచ్చు.